షార్లెట్ యంగ్ నవల ‘ది హెయిర్ ఆఫ్ రెడ్‌క్లిఫ్’: తరచుగా అడిగే ప్రశ్నలు

విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు నవలలనగానే మనకు డికెన్స్, బ్రాంటీ అక్కచెల్లెళ్ళు, జార్జ్ ఎలియట్ గుర్తొస్తారు. అప్పట్లో వాళ్ళ పుస్తకాలతో పాటు ఇంటింటా తిరిగిన ఈ నవల పేరు ఇప్పుడు చాలామంది విని ఉండరు. చదవడం మొదలుపెట్టినవాళ్ళకూ, పెట్టాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ళకూ సాధారణంగా వచ్చే సందేహాలు ఇక్కడ ఉన్నాయి. కథ చివరిదాకా చెప్పేశాను. ముగింపు ముందే తెలిస్తే చిరాకుపడేవాళ్ళు నవల చదివాక ఇటు రండి.

ఇది దేని గురించిన నవల?

1853లో లండన్‌లో రెండు సంపుటాలుగా వచ్చింది. పెద్ద ఎస్టేటుకు వారసుడైన ఒక కుర్రాడు, అతణ్ణి అడుగడుగునా అనుమానించే ఒక బంధువు, ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళతో వీళ్ళిద్దరి ప్రేమ. పైకి కనిపించేది ఇంతే. ప్రేమ, భక్తి, దానధర్మం దట్టించిన సెంటిమెంటు నవల అని ఎవరైనా అంటే కాదనలేం. కానీ నా లెక్కలో ఇది ఎదుటి మనిషి గురించి మనం మనసులో ఇచ్చేసే తీర్పుల నవల. ఇందులో డబ్బు తీసి ఇవ్వడం పెద్ద కష్టం కాదు. ‘వాడు మంచివాడే అయ్యుండొచ్చు, నేనే పొరబడి ఉండొచ్చు’ అనుకోవడమే అసలు కష్టం.

కథ క్లుప్తంగా చెప్తారా?

గై మోర్విల్‌కు పుట్టగానే తల్లీతండ్రీ పోయారు. రెడ్‌క్లిఫ్ అనే సముద్రతీరపు పాత భవంతిలో తాతయ్యే పెంచాడు. ఆ తాతయ్య కూడా చనిపోవడంతో గార్డియన్ ఎడ్మన్‌స్టన్ గారింటికి వస్తాడు. హాలీవెల్ అనే ఆ ఇల్లు ఎప్పుడూ సందడిగా ఉంటుంది. మాటకు మెత్తనైన, ఎవరేం చెబితే అటు ఒరిగిపోయే ఇంటిపెద్ద, తెలివైన ఆయన భార్య, తుంటి జబ్బుతో మంచానికీ సోఫాకీ పరిమితమైన కొడుకు చార్లెస్, ముగ్గురు ఆడపిల్లలు లారా, ఏమీ, షార్లెట్. ఈ ఇంటికి తరచూ వచ్చిపోయే మేనల్లుడు ఫిలిప్ మోర్విల్. సైన్యంలో అధికారి. అందగాడు, చదువరి, ఇంట్లో అందరికీ సలహాలిచ్చే మనిషి. గైకి పిల్లల్లేకుండా ఏమైనా అయితే రెడ్‌క్లిఫ్ ఎస్టేటు దక్కేది ఇతనికే.

గైకి పట్టరాని కోపం. మోర్విల్ వంశానికే ఆ శాపం ఉందని అతని నమ్మకం. 1170లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను చంపిన నలుగురు నైట్లలో ఒకడైన హ్యూ డి మోర్విల్‌ను రచయిత్రి ఈ వంశానికి మూలపురుషుణ్ణి చేసింది. కొడుకుతో తాను పెట్టుకున్న గొడవే ఆ కొడుకు చావుకు దారితీసిందని తాతయ్య జీవితాంతం కుమిలిపోయాడు. అందుకే గై తన కోపాన్ని చూసి తానే భయపడతాడు, ప్రతిరోజూ దానితో పోరాడతాడు.

గై, ఏమీ ఒకరినొకరు ఇష్టపడతారు. ఆ సంగతి పెద్దవాళ్ళకు చెప్తారు. అంతలోనే ఇబ్బంది మొదలవుతుంది. వెయ్యి పౌండ్లు కావాలని, ఎందుకో చెప్పలేనని గై గార్డియన్‌ను అడుగుతాడు. అతను సంతకం చేసిన ముప్పై పౌండ్ల చెక్కు ఒకటి జూదరి చేతిలో కనపడుతుంది. ఫిలిప్ ఈ రెండిటినీ కలిపి గై జూదంలో పడ్డాడని తేల్చేస్తాడు, మామయ్యకు అదే నూరిపోస్తాడు. గైకి ఆ ఇంటి తలుపులు మూసుకుపోతాయి.

నిజానికి ఆ చెక్కు గై తన మేనమామ అప్పు తీర్చడానికి ఇచ్చింది. సెబాస్టియన్ డిక్సన్ అనే ఆ మేనమామ వయొలిన్ వాయించుకు బతికే కళాకారుడు. జూదం అలవాటు ఆయనది. చివరికి ఆయనే వచ్చి నిజం చెప్పడంతో పెళ్ళి జరుగుతుంది. కొత్త దంపతులు స్విట్జర్లాండ్, ఇటలీ వైపు వెళ్తారు. అక్కడ ఫిలిప్ ఎదురవుతాడు. విషజ్వరాలున్న లోయ వైపు వెళ్ళొద్దని గై చెప్తే, వీడా నాకు చెప్పేది అన్నట్టు వెళ్తాడు, జ్వరంతో పడిపోతాడు. గై వెళ్ళి రాత్రింబవళ్ళు సేవ చేసి బతికిస్తాడు. ఆ జ్వరమే అంటుకుని తాను పోతాడు. పెళ్ళయి కొన్ని నెలలే. ఏమీ గర్భవతి. ఆడపిల్ల పుట్టడంతో, అప్పటి వారసత్వపు ఏర్పాటు ప్రకారం రెడ్‌క్లిఫ్ ఫిలిప్ చేతికి వస్తుంది.

రచయిత్రి ఎవరు?

షార్లెట్ మేరీ యంగ్. 1823లో ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్ జిల్లా ఆటర్‌బోర్న్ అనే పల్లెలో పుట్టి, అక్కడే జీవితమంతా గడిపి, 1901లో అక్కడే కన్నుమూసింది. పెళ్ళి చేసుకోలేదు. తండ్రి వాటర్లూ యుద్ధంలో పాల్గొన్న సైనికాధికారి. కూతురికి చదువు ఇంట్లో ఆయనే చెప్పాడు. ఏడేళ్ళప్పుడు ఊరి సండేస్కూల్లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన మనిషి ముసలితనం దాకా మానలేదు. వందకు పైగా పుస్తకాలు రాసింది. ఆడపిల్లల కోసం 1851లో మొదలైన ‘ది మంత్లీ ప్యాకెట్’ పత్రికకు దాదాపు 40 ఏళ్ళు సంపాదకురాలు.

ఆమె మీద అందరికంటే ఎక్కువ ప్రభావం పక్కనున్న హర్స్‌లీ ఊరి మతగురువు జాన్ కీబుల్‌ది. ఇంగ్లండ్ చర్చిని దాని పాత పవిత్ర పరంపర వైపు మళ్ళించాలన్న ఆక్స్‌ఫర్డ్ ఉద్యమంలో పెద్ద పేరు ఆయనది. ఆమె రాసినవి అచ్చుకు ముందు ఆయన చూసేవాడు. ఈ నవల హిట్టయినప్పుడు, బాగా అమ్ముడుపోయే పుస్తకం రాయడం కూడా జీవితంలో ఒక పరీక్షేనని ఆమెను హెచ్చరించాడట.

పుస్తకం మీద పేరు వేసుకోలేదు. ఆ తర్వాతి పుస్తకాల మీద కూడా చాలాకాలం ‘రెడ్‌క్లిఫ్ వారసుణ్ణి రాసిన రచయిత నుంచి’ అనే ఉండేది.

హీరో గై అయితే, విలన్ ఫిలిప్పేనా?

ఈ ప్రశ్న దగ్గరే నవల రుచి అంతా ఉంది.

ఈ నవల బీజం షార్లెట్‌ది కాదు. ఆమె స్నేహితురాలు మేరియన్ డైసన్ ఇచ్చింది. ఎప్పుడూ తన తప్పు తాను వెతుక్కునే మనిషినీ, తనను చూసుకుని తానే తృప్తిపడే మనిషినీ పక్కపక్కన పెట్టి కథ రాస్తే ఎలా ఉంటుంది అన్నది ఆవిడ ఆలోచన. గై మొదటి రకం, ఫిలిప్ రెండో రకం. గమనించండి, మంచివాడు, చెడ్డవాడు అని కాదు విభజన. ఇద్దరూ మంచివాళ్ళే.

ఫిలిప్ త్యాగాలు చిన్నవి కావు. తండ్రి పోయినప్పుడు ఆక్స్‌ఫర్డ్ చదువు వదులుకుని సైన్యంలో చేరాడు, అక్కచెల్లెళ్ళ కోసం. తీరా చూస్తే ఒకామె చనిపోయింది, ఇంకొకామె తనకు గౌరవం లేని డాక్టరును పెళ్ళి చేసుకుంది. తన త్యాగం వృథా అయిందన్న బాధ లోపల ఉంది. దాన్ని ఎవరికీ చూపించడు. అబద్ధం చెప్పడు, తాగడు, అప్పు చేయడు. ఊళ్ళో పదిమంది ‘బంగారంలాంటి కుర్రాడు’ అని చెప్పుకునే రకం. గైని అనుమానించడం కూడా దుర్బుద్ధితో కాదు, కుర్రాణ్ణి దారిలో పెట్టాలనే. ఎస్టేటు మీద ఆశతో చేస్తున్నానేమో అని తనను తాను అడిగి, కాదని జవాబు చెప్పుకుని, ఆ జవాబుతో ఇంకా మొండివాడవుతాడు.

అతని లోపం ఒక్కటే. తాను పొరబడతానన్న ఊహే అతనికి రాదు. మేనమామ వచ్చి చెక్కు సంగతి చెప్పాక ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటే ఫిలిప్ మాత్రం ‘మరి ఆ వెయ్యి పౌండ్ల సంగతో?’ అంటాడు. అక్కడ పుస్తకం మూసి గోడకేసి కొట్టాలనిపిస్తుంది. ఇలాంటి మనిషి మన చుట్టాల్లో ఒకరైనా ఉంటారు. పెళ్ళి సంబంధం గురించి వాకబు చేసి, దొరికిన రెండు ముక్కలతో కుర్రాడి జాతకమంతా చెప్పేసే పెద్దమనిషి. దుర్మార్గుడు కాడు, అందుకే అందరూ నమ్ముతారు.

పైగా రచయిత్రి ఎంత తెలివిగా చేసిందంటే, గైని అనుమానంతో వేధిస్తున్న రోజుల్లోనే ఫిలిప్ తానే ఒక రహస్యం దాస్తున్నాడు. పెద్దమ్మాయి లారాతో మాట ఇచ్చిపుచ్చుకుని, ఆ సంగతి తన మేనత్తకూ మామయ్యకూ చెప్పలేదు. ఎదుటివాడు దాచాడని తీర్పు చెప్పినవాడే దాచాడు.

ఆ వెయ్యి పౌండ్లు దేనికి? ముందే చెప్పేస్తే గొడవుండేది కాదుగా?

మిస్ వెల్‌వుడ్ అనే ఆవిడ పేదల సేవ కోసం, పిల్లల చదువు కోసం సన్యాసినుల సంఘం లాంటిది పెట్టాలనుకుంటుంది. గై ఆ పనికి డబ్బిద్దామనుకున్నాడు.

ఇందులో దాచాల్సిందేముంది అనిపిస్తుంది ఇప్పుడు. కానీ 1850 ప్రాంతంలో ప్రొటెస్టెంట్ ఇంగ్లండ్‌లో ఇది మంట పుట్టించే విషయం. మఠాలూ సన్యాసినులూ అంటే క్యాథలిక్ వ్యవహారం అని జనంలో గట్టి అనుమానం. ఇంగ్లండ్ చర్చిలో మూడు శతాబ్దాల తర్వాత మొదటి సిస్టర్‌హుడ్ లండన్‌లోని పార్క్ విలేజ్‌లో 1845లోనే మొదలైంది. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్ ఉద్యమ నాయకుల్లో ఒకరైన న్యూమన్ రోమన్ క్యాథలిక్కుల్లో కలిసిపోవడంతో అనుమానం మరింత పెరిగింది. నవల్లో మిస్ వెల్‌వుడ్ మీద ఊళ్ళో పుకార్లు పుట్టించేవాళ్ళలో ఫిలిప్ సోదరి మిసెస్ హెన్లీ ఒకరు. అలాంటప్పుడు గై పేరు, డబ్బు బయటికి రావడం ఆవిడ పనికి మంచిది కాదు. పైగా కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న సువార్త మాట గైకి పుస్తకాల్లో మాట కాదు, ఆచరణ.

మేనమామ చెక్కు విషయంలో ఇబ్బంది ఇంకో రకం. అది తన గుట్టు కాదు, మేనమామ గుట్టు. దాన్ని బయటపెట్టి తాను బయటపడటం అతని వల్ల కాలేదు.

కథలో నాకు బాగా నచ్చిన ముడి ఇదే. రహస్యంగా చేసిన సాయం బయటివాళ్ళకు రహస్యంగా చేసిన తప్పులాగే కనిపిస్తుంది. లెక్క చెప్పని డబ్బు జూదానికి పోయిందా, దానానికి పోయిందా అని తేల్చేది చూసేవాడి మనసు. ఏమీ ఒక్క రుజువూ లేకుండా అతణ్ణి నమ్ముతుంది. ఫిలిప్ దగ్గర రుజువులున్నాయి, అన్నీ నిజమైనవే, కానీ వాటినుంచి తీసిన అర్థం అబద్ధం.

గార్డియన్ కోపంతో రాసిన ఉత్తరం అందిన రోజు గై పడే అవస్థ చదవాల్సిందే. ఇదంతా ఫిలిప్ పనేనని తెలిసి, అతణ్ణి ద్వంద్వయుద్ధానికి పిలవాలన్నంత ఆవేశంతో బయళ్ళమ్మట పడి పోతాడు. వంశపు రక్తం తనలో పొంగడం తనకే తెలుస్తుంటుంది. పొద్దు గుంకే వేళకు ప్రభువు ప్రార్థన దగ్గరికి వస్తాడు. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలకు కూడా నోటికి వచ్చే ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము’ అన్న మాటలే. ఆ మాట అనడానికి అతనికి ఎంతసేపు పట్టిందో రచయిత్రి దాచదు. ఈ ఒక్క సన్నివేశం వల్లే గై బొమ్మలాంటి మంచివాడుగా కాక మనిషిగా మిగులుతాడు.

మతం మరీ ఎక్కువా? క్రైస్తవులు కానివాళ్ళు చదవగలరా?

మతం లేకుండా ఈ నవల లేదు. కానీ ప్రసంగాలు ఆశ్చర్యంగా తక్కువ. షార్లెట్ పెరిగిన ఆక్స్‌ఫర్డ్ ఉద్యమంలో పవిత్రమైన విషయాల గురించి ఎక్కువ మాట్లాడకూడదు, సంయమనం పాటించాలి అన్నది ఒక నియమం లాంటిది. 1833 జులైలో కీబుల్ ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ఒక ప్రసంగంతో ఆ ఉద్యమం మొదలైందని లెక్క. చర్చి అంటే ప్రభుత్వ శాఖ కాదు, తొలి శతాబ్దాలనుంచి వస్తున్న పవిత్ర పరంపర అన్నది దాని వాదన. నవల్లో ఈ వాదనలేవీ కనపడవు. కనిపించేది అలవాట్లు: ప్రార్థనవేళలు, ఉపవాసం లాంటి చిన్న చిన్న నిగ్రహాలు, ఇష్టమైనది కావాలని వదులుకోవడం, పెద్దల మాటకు కట్టుబడటం. వ్రతాలూ నియమాలూ చూస్తూ పెరిగిన పాఠకులకు ఇది కొత్తగా ఉండదు. ‘దేవుణ్ణి నమ్మితే మేలు జరుగుతుంది’ అన్న ధోరణి మాత్రం ఇందులో వెతక్కండి. నమ్మినవాడే 21 ఏళ్ళ వయసు ప్రాంతంలో చచ్చిపోతాడు.

ప్రేమకథగా ఎలా ఉంటుంది?

రెండు జంటల్నీ ఎదురెదురుగా నడిపింది రచయిత్రి. గై, ఏమీ మనసులో మాట చెప్పుకున్న వెంటనే పెద్దవాళ్ళకు చెప్తారు, దానివల్లే కష్టాలు పడతారు. ఫిలిప్, లారా దాచిపెడతారు, దానివల్ల ఇంకా పెద్ద కష్టాలు పడతారు.

మన పాఠకులకు ఇక్కడ ఒక సందేహం రావచ్చు. లారా ఫిలిప్‌కు మేనత్త కూతురు. వరసైన మరదలు. దాచడం ఎందుకు? ఇంగ్లండ్‌లోనూ అప్పట్లో ఆ వరస పెళ్ళికి అడ్డు లేదు. అడ్డు డబ్బే. సైన్యపు జీతంతో సంసారం నడవదు, అడిగితే కాదంటారేమో అన్న అభిమానం. లారా మీద ఈ రహస్యం ఎంత బరువైందో చెప్పడానికి రచయిత్రి ఎంచుకున్న వివరం తమాషాగా ఉంటుంది: మనసు మళ్ళించుకోవడానికి ఆ అమ్మాయి ఫిలిప్ సలహా మీద ఆల్జీబ్రా లెక్కలు చేస్తుంది. పాపం లారా! నవల్లో అందరికంటే తక్కువ ఆనందం మిగిలింది ఆమెకే. చివరికి ఫిలిప్‌ను పెళ్ళి చేసుకుంటుంది. అతను పార్లమెంటు సభ్యుడవుతాడు, రెడ్‌క్లిఫ్ యజమాని అవుతాడు, పశ్చాత్తాపంతో నలిగిపోయి ఉంటాడు. కోరుకున్నవన్నీ వచ్చాయి, ఒక్కటీ సంతోషంగా అనుభవించలేడు.

చార్లెస్ గురించి ఎవరూ చెప్పరేం?

చెప్పాలి. పుస్తకంలో నవ్వించే మనిషి అతనే. జబ్బు మనిషంటే సాధువులా బాధ భరించే పాత్రలు ఆ కాలపు నవలల్లో బోలెడు. చార్లెస్ అలా కాదు. నోటి దురుసు, చిరాకు, చెల్లెళ్ళ మీద పెత్తనం. ఫిలిప్ అంటే మంట. ఫిలిప్ అసలు రంగు మొదట పసిగట్టిందీ అతనే. గై స్నేహంలో అతను మెల్లగా మారే తీరు, ముఖ్యంగా గై పోయాక ఏమీకి ఆసరాగా నిలబడటం, హీరో చావుకంటే సహజంగా రాసింది షార్లెట్.

గై చావు అంత సాగదీయాలా?

ఇప్పటి మన ఓపికకు సాగదీతే. చనిపోయాక కూడా నవల ఆగదు, ఇంకా చాలా అధ్యాయాలు నడుస్తుంది.

కానీ అప్పటి పాఠకులు ఈ సన్నివేశాలను ఎలా చదివారో కాస్త ఊహించుకోవాలి. టైఫాయిడ్, క్షయ, కలరా లాంటి జబ్బులకు మందు లేని రోజులు. మరణం ఆసుపత్రిలో తెర వెనక జరిగేది కాదు, ఇంట్లో, అందరి కళ్ళముందు జరిగేది. ప్రతి ఇంట్లోనూ కుర్రవాళ్ళు పోయేవాళ్ళు. చివరి గంటల్లో మనిషి ఎలా ఉన్నాడన్నదే అతని విశ్వాసానికి సాక్ష్యం. అందుకే నవలా రచయితలు ఆ గదిలోకి వెళ్ళకుండా ఉండేవాళ్ళు కాదు. షార్లెట్ మిగతావాళ్ళతో పోలిస్తే నయం. ఏమీ గుండెలు బాదుకోదు, దేవదూతలు దిగిరారు. ఒక పరాయి దేశపు సత్రంలో ఉక్కపోత, నర్సుల్లేని ఇబ్బంది, జ్వరంలో పలవరింత, పక్కగదిలో ఇంకా లేవలేని ఫిలిప్. చావు తర్వాత భాగం అవసరమా అంటే, నా దృష్టిలో అదే ఎక్కువ అవసరం. క్షమించినవాడు పోయాడు, క్షమాపణ పొందినవాడు బతకాలి. ఫిలిప్ ఎలా బతుకుతాడన్నదే మిగతా కథ.

గై చనిపోయిన రికోరా అనే ఊరు నిజంగా ఉందా?

ఉంది. ఉత్తర ఇటలీలో విచెంజా దగ్గర కొండల్లో ఔషధ జలాలకు పేరున్న ఊరు. గై సమాధి మాత్రం కల్పన.

నవల మీద వచ్చిన డబ్బు ఏమైంది?

రచయిత్రి కుటుంబంలో ఆడపిల్ల తన కోసం డబ్బు సంపాదించడం మర్యాద అనుకునేవాళ్ళు కాదు. రాయడానికి అనుమతి ఇచ్చినప్పుడే, వచ్చింది మంచి పనికి పోవాలన్న ఒప్పందం ఉంది. ఈ నవల రాబడిలో కొంత న్యూజిలాండ్ బిషప్ సెల్విన్‌కు వెళ్ళింది. పసిఫిక్ మహాసముద్రంలోని మెలనీసియా దీవుల్లో మతప్రచారం కోసం ఆయన వాడిన ‘సదర్న్ క్రాస్’ ఓడకు అది ఉపయోగపడింది. తర్వాతి పెద్ద హిట్ ‘ది డైసీ చైన్’ మీద వచ్చిన 2,000 పౌండ్లు ఆక్లాండ్ దగ్గర కోహిమారామాలో మిషన్ కాలేజీకి ఇచ్చింది. ఆ దీవుల్లో పనిచేసిన బిషప్ జాన్ కోల్‌రిడ్జ్ ప్యాటెసన్ ఆమెకు బంధువు. 1871లో నుకాపు దీవిలో ఆయన్ని చంపేశారు. ఆయన జీవితచరిత్ర రాసింది ఈమే.

మతప్రచారానికి ఇచ్చింది దానం కిందికి వస్తుందా?

ఆమె దృష్టిలో సందేహం లేకుండా వస్తుంది. ఈరోజు మనం అంత తేలిగ్గా ఒప్పుకోలేం. ఆ ఓడలు తిరిగిన సముద్రంలోనే దీవులవాళ్ళను పట్టుకుపోయి తోటల్లో కూలీలుగా పెట్టే వ్యాపారమూ నడిచింది. ప్యాటెసన్ హత్య ఆ అకృత్యాలకు ప్రతీకారమని అప్పట్లోనే చాలామంది అనుకున్నారు. మిషన్ అనగానే మన తెలుగువాళ్ళకు ముందు బడులూ ఆసుపత్రులూ గుర్తొస్తాయి. రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో బడి పెట్టింది 1843లో, ఈ నవలకు పదేళ్ళ ముందే. కాకపోతే నోబుల్ వచ్చింది చర్చి మిషనరీ సొసైటీ నుంచి. అది ఇవాంజెలికల్ వర్గం, అంటే చర్చి పరంపర కంటే బైబిలుకూ వ్యక్తిగత విశ్వాసానికీ పెద్దపీట వేసేది, కీబుల్ వర్గంతో పొసగనిది. బయటినుంచి చూసే మనకు అంతా ఒకటే అనిపించినా వాళ్ళలో వాళ్ళకు పెద్ద గొడవలే ఉండేవి.

నవల్లో ఇంటి దగ్గరి దానం మాత్రం ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది. మేనమామ కూతురు చిన్న మేరియన్‌ను గై ఆదుకోవడం, తుఫానులో బండరాళ్ళ మీద చిక్కుకున్న ఓడవాళ్ళ కోసం ఊరి జాలర్లతో కలిసి పడవెక్కడం. ఈ రెండు చోట్లా డబ్బు కంటే మనిషే ముందు కదులుతాడు.

అప్పట్లో ఎవరెవరు చదివారు?

అందరూ. ఆడపిల్లల పుస్తకం అని మనం అనుకుంటాం గానీ, క్రిమియా యుద్ధంలో గాయపడి ఆసుపత్రుల్లో ఉన్న అధికారులు ఈ పుస్తకం కోసం అడిగేవారట. అప్పట్లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటూ, తర్వాత ఒకరు కవిగా, ఇంకొకరు చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్న విలియం మోరిస్, ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ బృందానికి గై ఆదర్శపురుషుడు. గుర్రాలూ కత్తులూ లేని కాలంలో వీరుడు ఎలా ఉండాలో వాళ్ళకు గైలో కనిపించింది. తర్వాత మోరిస్ సోషలిస్టు అయ్యాడు, చర్చికి దూరమయ్యాడు, అది వేరే కథ.

అమెరికాలో దీని పేరు చిరస్థాయిగా నిలిచింది ఇంకో నవల వల్ల. 1868లో వచ్చిన ‘లిటిల్ విమెన్’ మూడో అధ్యాయంలో కథానాయిక జో అటక మీద కూర్చుని యాపిల్స్ తింటూ, ఏడుస్తూ చదివేది ఈ పుస్తకాన్నే. ఇక్కడిదాకా వచ్చిన చాలామంది ఆ వాక్యం పట్టుకునే వచ్చి ఉంటారు.

అంత పేరున్నది ఎందుకు మరుగున పడింది?

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి త్యాగం, విధేయత అన్న మాటలు పాతబడ్డాయి. మొదటి ప్రపంచయుద్ధంలో లక్షలమంది కుర్రాళ్ళు చచ్చిపోయాక, అందంగా చనిపోయే వీరుణ్ణి చదివే ఓపిక ఎవరికుంటుంది? అదొక కారణం. ఇంకోటి, షార్లెట్ మరీ ఎక్కువ రాసింది. వందకు పైగా పుస్తకాల్లో ఏది మంచిదో ఏరుకోవడం విమర్శకులకు కష్టమై మొత్తాన్నీ పక్కన పెట్టారు. భక్తురాలు, అవివాహిత, పల్లెటూరు వదలని మనిషి. అలాంటివాళ్ళకు మనుషుల మనసులు ఏం తెలుస్తాయిలే అన్న చులకన కూడా ఉందని నా అనుమానం. ఫిలిప్‌ను చదివాక ఆ మాట ఎవరూ అనలేరు.

ఈరోజు చదివితే ఇబ్బంది పెట్టేవి ఏవి?

తల్లిదండ్రుల మాటకు ఎదురులేదన్న పట్టు. తండ్రి ఎంత తెలివితక్కువగా ప్రవర్తించినా కూతురు నోరెత్తదు. ఆడవాళ్ళు సొంత బుద్ధి మీద నడిస్తే తప్పుదోవేనన్న ధోరణి కొన్నిచోట్ల చిరాకు తెప్పిస్తుంది. వంద పుస్తకాలు రాసి, పత్రిక నడిపిన మనిషి ఇలా రాయడం ఇంకా చిరాకు. పనివాళ్ళు, కౌలు రైతులు ఉన్నారంటే ఉన్నారు, వాళ్ళ మనసులోకి రచయిత్రి వెళ్ళదు. గై కూడా కొన్నిచోట్ల మరీ మంచివాడైపోతాడు. చిన్న విషయానికి కూడా తనను తాను తిట్టుకుంటుంటే ‘చాల్లేవయ్యా’ అనాలనిపిస్తుంది.

ఇంగ్లీషు కష్టమా? ఎక్కడ దొరుకుతుంది?

డికెన్స్ కంటే తేలిక. సగం పుస్తకం సంభాషణలే. మొదటి నాలుగైదు అధ్యాయాల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక తికమక పడతారు, ఒక కాగితం మీద వంశవృక్షం గీసి పెట్టుకోండి. గై తాతయ్య పేరు కూడా గై అని మర్చిపోకండి. జర్మన్ రచయిత ఫూకే రాసిన ‘సింట్రామ్’ అనే వీరగాథ ప్రస్తావన తరచూ వస్తుంది. లోపలి దయ్యంతో పోరాడే నైటు కథ అది, గైకి ప్రాణం. అంతవరకు తెలిస్తే చాలు.

కాపీరైటు ఎప్పుడో పోయింది కాబట్టి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైటులో ఉచితంగా ఉంది. నోట్సుతో కావాలంటే ఆక్స్‌ఫర్డ్ వరల్డ్స్ క్లాసిక్స్ ప్రతి పాత పుస్తకాల షాపుల్లో వెతకండి.

నచ్చితే తర్వాత ఏం చదవాలి?

‘ది డైసీ చైన్’. 1856లో వచ్చింది. పదకొండు మంది పిల్లలున్న డాక్టరు గారి ఇల్లు, తల్లి హఠాత్తుగా పోవడం, చదువంటే ప్రాణమిచ్చే ఎథెల్ అనే గడుసు పిల్ల. ఏడుపు తక్కువ, నవ్వు ఎక్కువ. ఆ తర్వాత 1865 నాటి ‘ది క్లెవర్ వుమన్ ఆఫ్ ది ఫ్యామిలీ’. దానితో మాత్రం మీరు పేజీ పేజీకీ గొడవ పడతారు.